రాబర్ట్ బాష్

రాబర్ట్ బాష్ (1861 సెప్టెంబరు 23 – 1942 మార్చి 12) జర్మనీ దేశానికి చెందిన యంత్ర నిపుణుడు, పారిశ్రామికవేత్త, దాత. స్టట్‌గార్ట్ నగరంలో ఒక ఇంటి పెరటి భవనంలో చిన్న పనిశాలగా ఇతడు ప్రారంభించిన సంస్థ తరువాతి కాలంలో ప్రపంచమంతటా విస్తరించింది. ఇతని పేరు చెప్పగానే మోటారు మెకానిక్కులకు స్పార్క్ ప్లగ్గు, డీజిల్ పంపు గుర్తుకు వస్తాయి. తాపీ మేస్త్రీలకు, కరెంటు పనివారికి, ప్లంబర్లకు మాత్రం గోడకు, రాతికి, కాంక్రీటుకు రంధ్రం వేసే హ్యామర్ డ్రిల్లు గుర్తుకు వస్తుంది. యంత్రం మీద ఉన్న పేరు కంపెనీ పేరుగానే వాడుకలో స్థిరపడిపోయింది. ఆ పేరుతో ఒక మనిషి జీవించాడని, కార్మికులకు ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుపరచిన అతడే రెండు ప్రపంచ యుద్ధాలకు ఆయుధ సామగ్రిని కూడా సరఫరా చేయవలసి వచ్చిందని తెలిసినవారు తక్కువ.

బాల్యము, విద్యాభ్యాసము

రాబర్ట్ బాష్ దక్షిణ జర్మనీలోని ఉల్మ్ పట్టణానికి సమీపంలో ఉన్న ఆల్బెక్ గ్రామంలో జన్మించాడు. అప్పటికి ఈ ప్రాంతం వుర్టెంబర్గ్ రాజ్యంలో ఉండేది. తండ్రి సెర్వేషియస్ బాష్, తల్లి మరియా మార్గరెటా. వారి పన్నెండుమంది సంతానంలో ఇతడు పదకొండవవాడు. తండ్రికి వ్యవసాయ భూములతో పాటు బండ్లవారు, బాటసారులు బస చేసే ఒక సత్రం ఉండేది. ఊరిలో కలిగిన కుటుంబాలలో వారిది ఒకటి. తండ్రి చదువుకున్నవాడు, స్వతంత్ర భావాలు కలవాడు. పిల్లలకు చదువు చెప్పించడంలో ఆయన ఎక్కడా వెనుకాడలేదు. 1869లో ఆస్తిని అమ్మివేసి కుటుంబంతో సహా ఉల్మ్‌కు తరలివెళ్ళాడు.

రాబర్ట్ ఉల్మ్‌లోని పాఠశాలలో 1876 వరకు చదివాడు. బడి చదువు మీద అతనికి అంతగా ఆసక్తి ఉండేది కాదు. చెట్లు, జంతువులు, పురుగులు అంటే ఇష్టపడేవాడు. బడి వదలిన తరువాత సూక్ష్మ యంత్రాల పని నేర్చుకోవడానికి ఒక పనివాని వద్ద మూడేళ్ళు శిష్యరికం చేశాడు. ఆ గురువు తనకు సరిగా నేర్పలేదన్న అసంతృప్తి అతనికి జీవితాంతం మిగిలిపోయింది. 1913లో తన కర్మాగారంలో పని నేర్చుకునే కుర్రవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక శిక్షణశాలను నెలకొల్పడానికి ఈ అనుభవమే కారణమని జీవిత చరిత్రకారులు భావిస్తారు.

శిష్యరికం ముగిశాక ఆ కాలపు జర్మన్ పనివారి ఆచారం ప్రకారం ఊరూరా తిరిగి వివిధ సంస్థలలో పనిచేశాడు. కొలోన్, హనావు, న్యూరెంబర్గ్ నగరాలలో పని చేయడమేకాక స్టట్‌గార్ట్‌లోని ఫైన్ సంస్థలోనూ కొంతకాలం పనిచేశాడు. విల్హెల్మ్ ఎమిల్ ఫైన్ స్థాపించిన ఈ సంస్థయే 1895లో చేత పట్టుకొని వాడగలిగే విద్యుత్ డ్రిల్లును మొట్టమొదటగా తయారుచేసింది. హ్యామర్ డ్రిల్లుతో ముడిపడిపోయిన బాష్ తన యౌవనంలో విద్యుత్ డ్రిల్లు పుట్టింట్లోనే కూలి పని చేశాడన్నమాట. అయితే అతడు అక్కడ ఉన్ననాటికి ఆ యంత్రం ఇంకా పుట్టలేదు.

1883-84లో స్టట్‌గార్ట్ సాంకేతిక ఉన్నత విద్యాలయంలో అతిథి విద్యార్థిగా కొంతకాలం పాఠాలు విన్నాడు. విద్యుచ్ఛక్తి, వోల్టేజి వంటి మాటలకు అసలు అర్థమేమిటో అక్కడే బోధపడిందని, సాంకేతిక పదాలంటే ఉన్న బెదురు అక్కడే పోయిందని తరువాత చెప్పుకున్నాడు. 1884లో ఓడ ఎక్కి అమెరికాకు వెళ్ళి న్యూయార్క్‌లో ఎడిసన్ సంస్థలో పనిచేశాడు. సమానత్వం వెల్లివిరిసే దేశమని ఊహించుకొని వెళ్ళిన యువకునికి అక్కడి పరిస్థితులు నిరాశ కలిగించాయి. అమెరికాలో ఉండగానే నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘంలో చేరాడు. అక్కడి నుండి ఇంగ్లాండుకు వెళ్ళి లండన్‌లో సీమెన్స్ సోదరుల సంస్థలో కొంతకాలం ఉండి స్వదేశానికి తిరిగివచ్చాడు. 1887లో అన్నా కైజర్‌ను వివాహమాడాడు.

పనిశాల స్థాపన

1886 నవంబరు 15న స్టట్‌గార్ట్‌లోని రోటెబ్యూల్ వీధిలో ఒక ఇంటి వెనుక భవనంలో సూక్ష్మ యంత్రాల, విద్యుత్ పరికరాల పనిశాలను ప్రారంభించాడు. తండ్రి ఆస్తి నుండి తన వాటాకు వచ్చిన 10,000 మార్కులు పెట్టుబడి. సాయానికి ఒక పనివాడు, ఇంకొక కుర్రవాడు. టెలిఫోను తీగలు వేయడం, పిలుపు గంటలు బిగించడం, పిడుగుల నుండి రక్షించే కడ్డీలు అమర్చడం, పాడైన పరికరాలు బాగుచేయడం వంటి చిల్లర పనులన్నీ చేసేవారు. 1890 ప్రాంతంలో ఒక సైకిలు కొని దాని మీద ఇంటింటికీ తిరిగి పనులు సరిచూసుకొనేవాడు. అప్పట్లో స్టట్‌గార్ట్‌లో సైకిలు ఒక వింత.

మొదటి పదేళ్ళు చాలా కష్టంగా గడిచాయి. పని దొరికినపుడు మనుషులను చేర్చుకోవడం, దొరకనపుడు తీసివేయడం జరిగేది. తల్లి, బంధువులు పూచీ పడి ఇప్పించిన అప్పులతో పనిశాల నిలిచింది. 1895లో నగరంలో విద్యుత్ కేంద్రం వచ్చాక ఇళ్ళకు దీపాల తీగలు వేసే పని పెరిగి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఈ చిల్లర పనులలోనే అతని భవిష్యత్తు దాగి ఉంది. 1887లో ఒక యంత్ర నిర్మాత తన గ్యాసు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే పరికరం కావాలని అడిగాడు. అటువంటిది డాయ్ట్జ్ సంస్థ ఇంజనుకు ఉన్నదని విని బాష్ అక్కడికి వెళ్ళి చూసి, దానికి పేటెంటు లేదని నిర్ధారించుకొని, మరింత మెరుగుపరచి తయారుచేశాడు. అదే మాగ్నెటో. అయస్కాంతం నడుమ తీగ చుట్టిన ఆర్మేచరు కదలడం వల్ల విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. 1897లో దీనిని వేగంగా తిరిగే మోటారు వాహనపు ఇంజనుకు అమర్చడంలో బాష్ వద్ద పనిచేసే ఆర్నాల్డ్ జెహ్రింగర్ విజయం సాధించాడు. 1902లో గొట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును రూపొందించాడు. సంస్థకు పేరు తెచ్చిన వస్తువులలో చాలావరకు బాష్ స్వయంగా కనిపెట్టినవి కావు. నిపుణులను గుర్తించి చేర్చుకోవడం, వారికి స్వేచ్ఛనివ్వడం, తయారైన వస్తువును నిర్దాక్షిణ్యంగా పరీక్షించడం అతని పని. ఇతనిని గొప్ప ఆవిష్కర్తగా వర్ణించే వ్యాసాలు చాలా ఉన్నాయి గాని, అది సరికాదు.

1898లో లండన్‌లోను, 1899లో పారిస్‌లోను కార్యాలయాలు వెలిశాయి. 1901లో స్టట్‌గార్ట్‌లో సొంత కర్మాగారం కట్టుకున్నాడు. 1906 నాటికి 1,00,000వ మాగ్నెటో తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సంస్థ అమ్మకాలలో అత్యధిక భాగం జర్మనీ వెలుపలనే జరిగేది.

కార్మికులతో సంబంధాలు

1906లో బాష్ తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. పది గంటల పని సర్వసాధారణమైన ఆ రోజులలో జర్మనీలో ఇలా చేసిన సంస్థలు వ్రేళ్ళమీద లెక్కించదగినవి. 1910 నుండి శనివారం మధ్యాహ్నం సెలవు, ఏటా వేతనంతో కూడిన సెలవులు ఇచ్చాడు. జీతాలు కూడా ఇతర చోట్ల కంటే ఎక్కువ. ఇది దయాధర్మమని అతడు అనుకోలేదు. అలసిన మనిషి చేసిన వస్తువు చెడిపోతుందని, రెండు జట్లుగా పనిచేస్తే యంత్రాలు ఖాళీగా ఉండవని అతని లెక్క. సోషలిస్టు నాయకుడు కార్ల్ కౌట్‌స్కీ కొంతకాలం ఇతని పొరుగున నివసించాడు, ఇరువురికీ స్నేహం ఉండేది. ఈ కారణాలన్నిటి వల్ల తోటి యజమానులు ఇతనిని ఎర్ర బాష్ అని ఎగతాళి చేసేవారు.

1913లో ఇదే కర్మాగారంలో పెద్ద సమ్మె జరిగింది. తన మనుషులే తనకు ఎదురు తిరిగారని బాష్ నొచ్చుకున్నాడు. కర్మాగారాన్ని కొన్ని వారాలు మూసివేశాడు. అంతవరకు దూరంగా ఉన్న యజమానుల సంఘంలో ఆ తరువాత చేరాడు. కార్మికుల పక్షపాతిగా పేరుపొందిన వ్యక్తి జీవితంలో ఇది ఒక మలుపు. అయినా ఎనిమిది గంటల పనిని మాత్రం రద్దు చేయలేదు.

పొదుపు విషయంలో ఇతని మీద ఎన్నో కథలు ప్రచారంలో ఉన్నాయి. నేలమీద పడివున్న కాగితాల క్లిప్పును చూపి, అది తన డబ్బని ఉద్యోగిని మందలించాడని చెబుతారు. అవసరం లేని దీపం వెలిగితే తానే ఆర్పేవాడట. అదే మనిషి 1910లో స్టట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయానికి పది లక్షల మార్కులు విరాళంగా ఇచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధము

1914లో యుద్ధం రాగానే విదేశీ వ్యాపారం ఒక్కసారిగా ఆగిపోయింది. కర్మాగారంలో కొంత భాగాన్ని గాయపడిన సైనికుల ఆసుపత్రిగా మార్చారు. మిగిలిన భాగంలో సైనిక వాహనాలకు, విమానాలకు కావలసిన సామగ్రి తయారైంది. లాభాలు విపరీతంగా వచ్చాయి. మనుషులు చనిపోతుంటే వచ్చే డబ్బు తనకు అక్కరలేదని భావించిన బాష్, 1916లో నెకార్ నదిని పడవల రాకపోకలకు అనువుగా కాలువగా మార్చే పథకానికి 1 కోటి 30 లక్షల మార్కులు ఇచ్చాడు. యుద్ధానంతరం వచ్చిన ద్రవ్యోల్బణంలో ఆ నిధి విలువ కరిగిపోయింది. అమెరికాలోని ఆస్తులను అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకొని అమ్మివేసింది. బాష్ అన్న పేరు మీద హక్కు కూడా ఆ దేశంలో చాలాకాలం చేజారిపోయింది.

1918లో హోనోల్డ్ సంస్థకు ఒక గుర్తును గీశాడు. వలయంలో ఇమిడిన ఆ గుర్తు మాగ్నెటోలోని ఆర్మేచరు అడ్డుకోత. ఇప్పటికీ బాష్ యంత్రాల మీద ఉండేది ఆ ఆర్మేచరు బొమ్మయే. డ్రిల్లింగు మిషను కాలిపోయినపుడు మరమ్మతు దుకాణంలో ముందుగా వినిపించే మాట కూడా ఆర్మేచరే కావడం విశేషం.

1921లో ఏకైక కుమారుడు రాబర్ట్ నరాలకు సంబంధించిన దీర్ఘ వ్యాధితో ముప్పయ్యవ ఏట మరణించాడు. వ్యాపారం అప్పగించవలసిన వారసుడు పోవడం బాష్‌ను బాగా కృంగదీసింది. భార్యాభర్తల మధ్య దూరం పెరిగి 1927లో విడాకులకు దారితీసింది. అదే సంవత్సరం మార్గరెట్ వోర్ట్జ్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగారు.

హ్యామర్ డ్రిల్లు

1926లో జర్మన్ మోటారు పరిశ్రమ తీవ్రమైన మాంద్యంలో పడింది. వాహనాల విడిభాగాల మీదనే ఆధారపడిన బాష్ సంస్థ వేలాది పనివారిని తొలగించవలసి వచ్చింది. ఒకే చెట్టు కొమ్మ మీద కూర్చోవడం ప్రమాదమని గ్రహించిన బాష్, హాన్స్ వాల్జ్ మొదలైన అతని సహచరులు ఇతర వస్తువుల కోసం వెదకడం ప్రారంభించారు. 1927లో డీజిల్ ఇంజెక్షను పంపు, 1928లో ఫోర్‌ఫెక్స్ అనే క్షవర యంత్రం, 1933లో రిఫ్రిజిరేటరు ఇలా వచ్చినవే. ఈ క్షవర యంత్రం పిడిలోనే చిన్న విద్యుత్ మోటారు ఉండేది. పిడిలో మోటారు అన్న ఈ అమరికతోనే సంస్థ చేతి యంత్రాల రంగంలోకి అడుగుపెట్టింది.

1932లో బాష్ హ్యామర్ వెలువడింది. జర్మనీలో అరవై లక్షల మంది నిరుద్యోగులుగా ఉన్న సంవత్సరమది. అంతవరకు తాపీ పనిలో రంధ్రం వేయాలంటే చాలావరకు ఉలి, సుత్తినే వాడేవారు. ఒక చేత్తో ఉలిని కొద్దికొద్దిగా త్రిప్పుతూ రెండవ చేత్తో కొట్టాలి. పెద్ద రాయి అయితే ఒకరు ఉలిని పట్టుకుంటే మరొకరు సమ్మెట వేయాలి. గనులలో గాలి పీడనంతో నడిచే రాతి డ్రిల్లులు అప్పటికే ఉన్నా వాటికి పెద్ద కంప్రెసరు, గొట్టాలు కావాలి. ఇళ్ళలో తీగలు, పైపులు వేసేవారికి అవి ఉపయోగపడవు. మామూలు విద్యుత్ డ్రిల్లు ఇనుమును, కర్రను కోస్తుంది గాని రాతి మీద జారి వేడెక్కుతుంది. ఉలిని త్రిప్పడం, కొట్టడం అనే రెండు పనులను ఒకే చేతి యంత్రంలో కలపడం బాష్ హ్యామర్ సాధించిన పని.

తరువాతి కాలంలో స్థిరపడిన హ్యామర్ డ్రిల్లు పనిచేసే విధానం ఇలా ఉంటుంది. మోటారు తిరిగినపుడు పళ్ళచక్రాల ద్వారా ఒక పిస్టను గొట్టంలో ముందుకు వెనుకకు కదులుతుంది. పిస్టనుకు ఎదురుగా అదే గొట్టంలో విడిగా ఒక ఉక్కు దిమ్మె ఉంటుంది. రెండింటి నడుమ గాలి ఉంటుంది. పిస్టను ముందుకు రాగానే గాలి నొక్కుకుపోయి బుడగలా దిమ్మెను విసరుతుంది. దిమ్మె వెళ్ళి బిట్టు వెనుక భాగాన్ని కొడుతుంది. పిస్టనుకు దిమ్మెకు ఇనుప సంబంధం లేనందున దెబ్బ అదురు మోటారుకు, పట్టుకున్నవాని చేతికి తక్కువగా చేరుతుంది. ఇదే సమయంలో వేరొక పళ్ళచక్రం బిట్టును త్రిప్పుతూ ఉంటుంది. కాబట్టి ప్రతి దెబ్బ కొత్తచోట పడి రాయి పిండి అవుతుంది.

బజారులో ఇంపాక్ట్ డ్రిల్లు అని చవకగా దొరికేది వేరు. అందులో గాలి ఉండదు. పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదానిపై ఒకటి దొర్లి టకటకమని అదురు పుట్టిస్తాయి. ఇటుక గోడకు చాలు గాని కాంక్రీటు శ్లాబు వద్ద ఆ యంత్రం బలమంతా మనిషే పెట్టాలి. హ్యామర్ డ్రిల్లును గట్టిగా అదమవలసిన పనిలేదు. అదిమితే దిమ్మె కదలడానికి చోటు తగ్గి దెబ్బ బలహీనపడుతుంది.

బిట్టు కొనకు తగిన లోహం లేకపోతే ఈ యంత్రం అంతగా రాణించేది కాదు. 1923లో జర్మనీలోనే కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడును గట్టి ముద్దగా తయారుచేసే పద్ధతిని రూపొందించాడు. క్రుప్ సంస్థ దానిని వజ్రం వంటిది అన్న అర్థం వచ్చే విడియా పేరుతో అమ్మింది. విడియా బిట్టు అని మన మెకానిక్కులు అనే మాట అక్కడి నుండి వచ్చినదే.

విడిభాగములు, మరమ్మతు

వస్తువు అమ్మిన తరువాత కూడా దాని బాధ్యత తనదేనన్నది బాష్ పట్టుదల. అతడు స్వయంగా మరమ్మతుల నుండి పైకి వచ్చినవాడు. 1921లో హాంబర్గ్ నగరంలో మొదటి బాష్ సేవా కేంద్రం ఏర్పడింది. మాగ్నెటో పాడైన వాహనదారుడు ఏ ఊరిలోనైనా అసలు విడిభాగాన్ని, దానిని బిగించే శిక్షణ పొందిన మనిషిని పొందాలన్నది ఉద్దేశం. తరువాత చేతి యంత్రాలకు కూడా ఇదే పద్ధతి విస్తరించింది.

హ్యామర్ డ్రిల్లులో త్వరగా అరిగే భాగాలలో మొదటిది కార్బన్ బ్రష్షులు. స్ప్రింగు ఒత్తిడితో ఇవి తిరిగే ఆర్మేచరును తాకుతూ విద్యుత్తును అందిస్తాయి. అరిగిపోయినపుడు మోటారులో నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, యంత్రం ఆగి ఆగి నడుస్తుంది. బ్రష్షులు అతి తక్కువ ధరకు దొరికే భాగం. వాటిని సకాలంలో మార్చకపోతే ఆర్మేచరు మీది రాగి పట్టీలు చెడి, ఎక్కువ ధర గల ఆర్మేచరునే మార్చవలసి వస్తుంది. మోటారు బాగా తిరుగుతున్నా దెబ్బ పడకపోతే పిస్టను, దిమ్మెల మీద ఉండే రబ్బరు రింగులు అరిగి గాలి తప్పించుకుపోతున్నదని అర్థం. గ్రీజు ఎండిపోవడం, రాతి ధూళి లోపలికి చేరడం ఇందుకు ముఖ్య కారణాలు. పైకప్పుకు రంధ్రాలు వేసేటపుడు పిండి నేరుగా బిట్టు పట్టుకునే చోటికి రాలుతుంది కనుక అక్కడి రబ్బరు మూతి చిరగకుండా చూసుకోవాలి.

బిట్టును బిగించే పద్ధతిలో పెద్ద మార్పు బాష్ మరణించిన చాలాకాలానికి, 1975లో వచ్చింది. ఆ సంవత్సరం ఇదే సంస్థ ప్రవేశపెట్టిన ఎస్‌డీఎస్ అనే గాడుల పద్ధతిలో తాళంచెవి అవసరం లేకుండా బిట్టును దూర్చి త్రిప్పితే చాలు. గాడులలో బిట్టు ముందుకు వెనుకకు స్వల్పంగా కదలగలదు కాబట్టి దెబ్బ పూర్తిగా కొనకు చేరుతుంది. వేర్వేరు కంపెనీల బిట్టులు ఒకే యంత్రానికి పట్టడం కూడా ఈ పద్ధతి విస్తరించడం వల్లనే సాధ్యమైంది.

భైంసా ప్రాంతము

బాష్ హ్యామర్ వెలువడిన 1932 నాటికి భైంసా నిజాం రాజ్యంలో నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా ముధోల్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలో కలిసింది. 2016 నుండి భైంసా నిర్మల్ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతం దక్కను లావా ప్రవాహాలతో ఏర్పడిన నల్లరాతి మీద ఉంది. పత్తి పండే నల్లరేగడి నేల కూడా ఆ రాయి చివికి ఏర్పడినదే. తూర్పున నిర్మల్ వైపు వెళ్ళేకొద్దీ గ్రానైటు జాతి రాళ్ళు వస్తాయి.

నల్లరాయి సన్నని రవ్వ గలది, చిక్కనిది. కాబట్టి మొద్దుబారిన ఉలి దాని మీద జారుతుంది. పాత రాతి గోడల ఇంటికి నీటి పైపు వేయాలన్నా, కొత్త కాంక్రీటు స్తంభానికి ఇనుప కడ్డీ నాటాలన్నా ఇక్కడి పనివారికి యంత్రం తప్పనిసరి. కాంక్రీటు కంకర కూడా రాతిదే కనుక బిట్టు ఒక రాతి ముక్కను తాకినచోట నెమ్మదిస్తుంది. లోపలి ఇనుప చువ్వను తాకితే విడియా కొన చిట్లిపోతుంది. చువ్వ తగిలినట్లు శబ్దం మారగానే ఆపి, రంధ్రాన్ని కొద్దిగా ప్రక్కకు జరపడం తెలిసిన పనివాని లక్షణం.

రాతి పిండి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. గ్రానైటులోను, ఇసుక కలిసిన కాంక్రీటులోను సిలికా ఎక్కువ. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం సన్నని ధూళిని ఆపలేదు. అందుకు తగిన మాస్కు కాని, పిండిని లాగివేసే అమరిక కాని కావాలి. ఉలి, సుత్తి కాలంలో రోజుకు కొద్ది రంధ్రాలు పడేవి. యంత్రం వచ్చాక రంధ్రాలతో పాటు ధూళి కూడా పెరిగింది. ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుపరచిన వ్యక్తి పేరు మోసే యంత్రాన్ని పట్టుకొని రోజుకు అంతకన్నా ఎక్కువ గంటలు పనిచేసే దినకూలీలు మన దేశంలో ఎందరో ఉన్నారు.

వ్యక్తిగత అభిరుచులు

బాష్ హోమియోపతి వైద్యాన్ని గట్టిగా నమ్మేవాడు. 1940లో స్టట్‌గార్ట్‌లో తన పేర హోమియోపతి ఆసుపత్రిని నెలకొల్పాడు. ఉన్ని వస్త్రాలే ఆరోగ్యకరమని బోధించిన గుస్తావ్ యేగర్ అనుచరుడు కావడంతో ఏళ్ళ తరబడి ఉన్ని దుస్తులే ధరించాడు. వేట, వ్యవసాయం ఇష్టం. బవేరియాలో చిత్తడి నేలను కొని పెద్ద వ్యవసాయ క్షేత్రంగా మార్చడానికి ప్రయత్నించాడు. అది లాభసాటి కాలేదు. రసాయన శాస్త్రంలో 1931లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ బాష్ ఇతని అన్న కుమారుడు.

నాజీ పాలన, చివరి దశ

బాష్ ప్రజాస్వామ్య వాది. ఫ్రాన్సు, జర్మనీలు సయోధ్యతో ఉండాలని మొదటి యుద్ధం తరువాత ఎంతో కృషి చేశాడు. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడం అతనికి నచ్చలేదు. అయినా సంస్థ ఆయుధ సామగ్రికి ప్రభుత్వం ఇచ్చిన ఆర్డర్లను స్వీకరించి బాగా విస్తరించింది. యుద్ధకాలంలో సంస్థ కర్మాగారాలలో సుమారు 20,000 మంది నిర్బంధ కార్మికుల చేత పని చేయించారు. వారిలో యుద్ధ ఖైదీలు ఉన్నారు. బాష్ మరణానంతరం నిర్బంధ శిబిరాల ఖైదీలను కూడా తెచ్చారు.

ఇదే సంస్థలో రెండవ చరిత్ర కూడా నడిచింది. లైప్‌జిగ్ మేయరు పదవిని 1937లో వదులుకున్న కార్ల్ గెర్డెలర్‌ను సలహాదారుగా నియమించుకున్నారు. ఆ ఉద్యోగం పేరుతో అతడు విదేశాలు తిరిగి హిట్లర్ వ్యతిరేకులను కూడగట్టాడు. 1944 జులై 20 నాటి హత్యాయత్నం విఫలమైన తరువాత పట్టుబడి, 1945 ఫిబ్రవరిలో ఉరితీయబడ్డాడు. యూదులు దేశం విడిచి పోవడానికి బాష్, వాల్జ్‌లు రహస్యంగా ధనసహాయం చేశారు. ఈ సేవకు గాను ఇస్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ 1969లో హాన్స్ వాల్జ్‌ను సత్పురుషునిగా గౌరవించింది. రహస్య సహాయం ఆయుధ సామగ్రిని, నిర్బంధ కార్మికులను మాపివేయగలదా అన్నది చరిత్రకారుల మధ్య చర్చనీయాంశం. రెండూ ఒకే సంస్థలో, ఒకే మనుషుల ఎరుకలో జరిగాయన్నది మాత్రం నిర్వివాదం.

1942 మార్చి 12న చెవిలో వచ్చిన ఇన్‌ఫెక్షను ముదరడంతో బాష్ స్టట్‌గార్ట్‌లో మరణించాడు. తాను ఏవగించుకున్న ప్రభుత్వమే అతనికి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. స్టట్‌గార్ట్‌లోని వనశ్మశానంలో సమాధి ఉంది.

మరణానంతరము

బాష్ తన వీలునామాలో సంస్థ స్వతంత్రంగా ఉండాలని, లాభాలు ప్రజాహిత కార్యాలకు వినియోగించాలని కోరాడు. దాని ప్రకారం 1964లో కుటుంబ వాటాలలో అత్యధిక భాగం ధర్మసంస్థకు బదిలీ అయ్యాయి. 1969 నుండి అది రాబర్ట్ బాష్ ఫౌండేషను పేరుతో పనిచేస్తున్నది. సంస్థ మూలధనంలో తొంభై శాతానికి పైగా ఈ ఫౌండేషను చేతిలో ఉంది. ఇతని జీవిత చరిత్రను థియోడర్ హోయ్స్ 1946లో ప్రచురించాడు. ఈ రచయితయే 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి అధ్యక్షుడయ్యాడు.

భారతదేశంలో బాష్ వస్తువుల అమ్మకాలు 1922లో కలకత్తాలోని ఒక ఏజెన్సీ ద్వారా, అనగా బాష్ జీవించి ఉండగానే, మొదలయ్యాయి. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. పొట్టి పేరు మైకో. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ పంపులు అక్కడ తయారై దేశమంతటా లారీలకు, ట్రాక్టర్లకు, వ్యవసాయ ఇంజన్లకు చేరాయి. 2008లో ఈ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. పాతతరం డీజిల్ మెకానిక్కులకు మాత్రం మైకో పేరే ఎక్కువ పరిచయం.